విలన్ గదిలో ఆ మాత్రల డబ్బా ఎందుకు?

టీవీ కోసం సైకలాజికల్ థ్రిల్లర్లు రాసేవారికి, తీసేవారికి, ఏ స్క్రిప్టును ప్రసారానికి తీసుకోవాలో నిర్ణయించేవారికి,

నమస్కారం.

నేను టెక్సస్‌లో ఫార్మసిస్టుగా పనిచేస్తున్నాను. మీ సినిమాలు ఏళ్ల తరబడి చూస్తున్నాను, ఇష్టపడే చూస్తున్నాను. షిఫ్టు ముగిసి ఇంటికొచ్చాక, రాత్రి వంటకు ముందు కాసేపు కాళ్లు చాపుకుని కూర్చుంటే టీవీలో నేను పెట్టుకునేది అవే. ఈ ఉత్తరం తెలుగులో ఎందుకంటే, ఆ సినిమాలు చూస్తూ నేను భయపడేదీ, మా ఇంట్లోవాళ్లతో వాదించేదీ తెలుగులోనే. ఇలా చూసే తెలుగు ఇళ్లు అమెరికాలో ఇంకా ఉన్నాయి. వాళ్లు కూడా ఇది చదవాలని నా కోరిక.

మీ సినిమాలన్నీ ఒకే అచ్చులో పోసినట్టు ఉంటాయని విమర్శకులు ఎప్పటినుంచో అంటున్నారు. ఆ మాట అనడానికి నేను రాయడం లేదు. అచ్చు ఉండటం తప్పని నాకెప్పుడూ అనిపించలేదు. ఆ అచ్చులో ప్రతిసారీ వచ్చి చేరుతున్న ఒక అబద్ధం గురించి రాస్తున్నాను. దాని వల్ల జరిగే నష్టం నా కౌంటర్ దగ్గర కనబడుతోంది, మా ఇంట్లోనూ కనబడింది.

కథ ఎలా నడుస్తుందో మీకు తెలుసు. తెలుగు పాఠకుల కోసం చెబుతాను. మంచి వీధిలో పెద్ద ఇల్లు. వంటగదిలో చెక్క స్టాండుకు గుచ్చిన కత్తుల సెట్టు. ఆ ఇంటావిడకు ఈమధ్యే ఏదో కష్టం వచ్చి ఉంటుంది. కడుపు పోయి ఉంటుంది, లేదా విడాకులై ఉంటాయి, లేదా తల్లి చనిపోయి ఉంటుంది. సరిగ్గా అప్పుడే ఇంట్లోకి ఎవరో ఒకరు వస్తారు. పాపను చూసుకోవడానికి పెట్టుకున్న అమ్మాయి కావచ్చు, మేడ మీద గదిలో అద్దెకు దిగినవాళ్లు కావచ్చు, కూతురి కోచ్ కావచ్చు, పక్కింట్లో కొత్తగా చేరిన మనిషి కావచ్చు. అందరితోనూ తీయగా మాట్లాడతారు. ఇంటావిడ అటు తిరగ్గానే ఆ నవ్వు పోతుంది. కెమెరా ఆ మొహం మీద ఇంకో రెండు సెకన్లు ఆగుతుంది. సినిమా మొదలై అప్పటికి పావుగంట కూడా కాదు, విలన్ ఎవరో మాకు తెలిసిపోతుంది.

అక్కడి నుంచి ఇంట్లో వస్తువులు కనబడకుండా పోతాయి. ఫోన్‌లో మెసేజ్‌లు వాటంతటవే డిలీట్ అవుతాయి. స్కూలు నుంచి పాపను ఎవరో ముందే తీసుకెళ్లిపోతారు. ఆవిడ గొడవ చేస్తే మొగుడు భుజం మీద చెయ్యి వేసి, 'నువ్వు సరిగ్గా నిద్రపోవట్లేదు, అందుకే ఇలా అనిపిస్తోంది' అంటాడు. పోలీసాయన రెండు ప్రశ్నలు అడిగి నోట్‌బుక్ మూసేస్తాడు. స్నేహితురాలు ఒక్కతే నమ్ముతుంది. ఆ స్నేహితురాలే ఏదో కూపీ లాగి, 'ఫోన్‌లో చెప్పేది కాదు, వచ్చి చెబుతాను' అంటుంది. ఇక ఆమె రాదు. చాలా సినిమాల్లో ఆ స్నేహితురాలు నల్లజాతి స్త్రీ అయి ఉంటుంది. కథలో అందరికంటే తెలివైన మనిషి, నిజం పట్టుకున్న మనిషి చచ్చిపోవాల్సి రావడం, పైగా ఆ పాత్ర మళ్లీ మళ్లీ ఒకే రంగు మనిషికి ఇవ్వడం నాకు ప్రతిసారీ బాధ కలిగిస్తుంది. అదొక పెద్ద విషయం, దాని గురించి నాకంటే బాగా రాయగలిగినవాళ్లు ఉన్నారు.

ఇంత తెలిసిపోయిన కథను మళ్లీ ఎందుకు చూస్తామని మావారు అడుగుతుంటారు. మాది తెనాలి వైపు. హరిశ్చంద్ర నాటకంలో కాటిసీను ఎలా ముగుస్తుందో తెలియనివాళ్లు ఆ ఊళ్లలో ఉండరు. అయినా జనం తెల్లవార్లూ కూర్చునేవాళ్లు. పద్యం బాగా పడితే వన్స్‌మోర్ అని అరిచి మళ్లీ పాడించుకునేవాళ్లు. ఏం జరుగుతుందన్న ఆత్రం అక్కడ లేదు, ఈసారి ఈ నటుడు ఎలా చేస్తాడన్నదే ఆసక్తి. మీ సినిమాల్లో మొగుడు 'నీకలా అనిపిస్తోంది' అనే చోటు మాకు అలాంటిదే. ఆ మాట వస్తుందని తెలుసు, వచ్చినప్పుడు ఒళ్లు మండుతుంది, చివరికి ఆ మొగుడే తల వంచుకుని నిలబడతాడని కూడా తెలుసు. రోజంతా నిలబడి పనిచేసి వచ్చిన మనిషికి ఆ భరోసా కావాలి. టెన్షన్ ఉండాలి గానీ, అది గంటన్నరలో తీరిపోవాలి.

మీ ఇబ్బందులు కూడా నాకు కొంత తెలుసు. రెండు మూడు వారాల్లో షూటింగ్ ముగించాలి. రెండు గంటల స్లాటులో ప్రకటనలు పోగా మీకు మిగిలేది గంటన్నరే. ప్రతి బ్రేకుకు ముందు ప్రేక్షకులు ఛానల్ మార్చకుండా ఏదో ఒక ముడి వేసి వదలాలి. పన్ను రాయితీ కోసం కెనడాలో, ఒటావాలోనో వాంకూవర్ చుట్టుపక్కలో తీసి, దాన్నే అమెరికా ఊరిగా చూపించాలి. అంత తక్కువ డబ్బుతో, అంత తక్కువ టైములో, నలభై దాటిన నటికి కథ మొత్తం మోసే పాత్ర ఇస్తున్నారు. పెద్ద సినిమాలవాళ్లు ఆ వయసు ఆడవాళ్లను హీరో తల్లిగా తప్ప చూడని రోజుల్లో కూడా మీరు ఆ పని చేశారు. అందుకు మీకు నా నమస్కారం ఇంకోసారి.

మా అత్తయ్య ఆరు నెలలు మా దగ్గర ఉండిపోదామని వచ్చినప్పుడు, నాకు సెలవు ఉన్న రోజుల్లో మధ్యాహ్నం ఇద్దరం కలిసి మీ సినిమాలు చూసేవాళ్లం. ఆవిడకు ఇంగ్లిష్ రాదు. అయినా కథ నేను చెప్పాల్సిన పని ఉండేది కాదు. 'ఈ పిల్ల మంచిది కాదమ్మాయ్, ఆ చూపు చూడు' అని నాకంటే ముందే కనిపెట్టేది. మొగుడు చెయ్యి భుజం మీద వేసే సీను రాగానే, 'నమ్మడు. ఏ దేశమైనా ఇంతేనన్నమాట' అనేది. ప్రకటనలు వచ్చినప్పుడు టీవీ సౌండ్ తగ్గించమని, తన కాపురం తొలి రోజుల సంగతులు చెప్పేది. పెళ్లైన కొత్తల్లో బియ్యం డబ్బాలో దాచుకున్న డబ్బు పోతోందని చెబితే ఇంట్లో ఒక్కరూ నమ్మలేదట. 'దీనికి పెట్టింది గుర్తుండదు' అన్నారట. తీస్తున్నది ఎవరో బయటపడటానికి రెండేళ్లు పట్టిందట. బయటపడ్డాక కూడా ఎవరూ ఆవిడతో 'పొరపాటైపోయింది' అనలేదు. ఇన్నేళ్లలో ఆ సంగతి ఆవిడ నాకెప్పుడూ చెప్పలేదు. ఊరూ పేరూ తెలియని ఒక అమెరికా సినిమా చూస్తూ చెప్పింది.

మీ సినిమాలకున్న అసలు బలం ఇదే. 'అంతా నీ భ్రమ' అని ఎప్పుడో ఒకప్పుడు అనిపించుకోని ఆడమనిషి ఉండదు. మీ కథ మొదటి నిమిషం నుంచీ ఆమె పక్షాన నిలబడుతుంది. ఆమె చూసింది నిజమని మాకు ముందే చూపించి, లోకమంతా కాదంటుంటే మమ్మల్ని సాక్షులుగా కూర్చోబెడుతుంది. 1938లో ఇంగ్లండ్‌లో వేసిన 'గ్యాస్ లైట్' నాటకం దగ్గర్నుంచీ ఈ తరహా కథకు గుండెకాయ అదే. అందులో భార్యకు పిచ్చెక్కుతోందని ఆమెనే నమ్మించే మొగుడు ఉంటాడు. వాడికి ఏ జబ్బూ లేదు. వాడికి కావాల్సింది ఆ ఇంట్లో ఎక్కడో దాగిన కెంపులు. అందుకోసం భార్య మనసును చిత్రవధ చేస్తాడు. వాడి దుర్మార్గానికి కారణం దురాశ, అంతే. ఆ కథ ఇన్నేళ్లు నిలబడటానికి ఆ కారణం సరిపోయింది.

మీ కథలకు మాత్రం సరిపోవడం లేదు. చివరి అరగంటలో ఇంటావిడ దొంగచాటుగా విలన్ గదిలోకి వెళుతుంది. సొరుగు లాగుతుంది. నారింజ రంగు ప్లాస్టిక్ డబ్బా, తెల్ల మూత, మీద చీటీ. కెమెరా దగ్గరికి వెళుతుంది, వెనక సంగీతం ఒక్కసారిగా పెరుగుతుంది. ఆవిడ ఆ మందు పేరు లాప్‌టాప్‌లో కొడుతుంది. తెర మీద 'యాంటీసైకోటిక్' అనే మాట, అంటే తీవ్రమైన మానసిక జబ్బులకు ఇచ్చే మందు. డబ్బా నిండుగా ఉంటుంది, అంటే వేసుకోవడం మానేసిందన్నమాట. తర్వాత ఎక్కడో పాత ఊళ్లో ఒక నర్సు తలుపు తీసి, ఆ అమ్మాయి ఆస్పత్రిలోంచి పారిపోయిందని చెబుతుంది. ఇక అన్నీ అర్థమైపోయినట్టే. ఎందుకు చేసింది, ఏం కావాలని చేసింది, ఆమె జీవితంలో ఏం జరిగింది, ఆ ప్రశ్నలన్నీ ఆ డబ్బాతో మూతపడతాయి.

ఒక్కసారి ఆలోచించండి. గంటసేపు 'ఆవిడకు పిచ్చి లేదు, ఆవిడ మాట నమ్మండి' అని మా చేత అనిపించారు. ఇప్పుడు ఇంకో ఆడమనిషిని చూపించి, 'పిచ్చి దీనికి' అంటున్నారు. మొగుడూ, పోలీసూ కలిసి ఇంటావిడ మీద వేసిన ముద్ర చెరపడానికి అంత కష్టపడి, అదే ముద్ర తీసుకెళ్లి ఇంకొకరి నుదుటి మీద వేస్తున్నారు. ఈసారి ఆ ముద్రను ఎవరూ అనుమానించరు, సాక్ష్యం అడగరు. ఏ అన్యాయం మీద మీరు సినిమా తీశారో, ఆ అన్యాయమే మీ చేతుల మీదుగా జరుగుతోంది.

అలాంటి సీను వచ్చిన రోజున అత్తయ్య 'ఓహో, మెంటలా' అని వెనక్కి వాలింది. మరో రెండు రోజులకు కూర తరుగుతూ నన్ను అడిగింది. 'మన పిల్ల వేసుకునేవీ అలాంటి మాత్రలే కదమ్మాయ్?' అని. మన పిల్ల అంటే అత్తయ్య చెల్లెలి కూతురు. బైపోలార్‌కు, అంటే మనసు ఒకసారి విపరీతమైన ఉత్సాహంలోకి, మరోసారి తీవ్రమైన కుంగుబాటులోకి వెళ్లే జబ్బుకు, ఏళ్లుగా లిథియం అనే మందు వాడుతోంది. బడిలో పిల్లలకు లెక్కలు చెబుతుంది. అత్తయ్యకు కంటి ఆపరేషన్ అయినప్పుడు వారం రోజులు దగ్గరుండి, వేళకు చుక్కలు వేసింది, తల దువ్వింది, అన్నం కలిపి పెట్టింది ఆ అమ్మాయే. అత్తయ్య తర్వాతి ప్రశ్న ఏంటో తెలుసా? 'వేసవి సెలవుల్లో పిల్లల్ని దాని దగ్గర వదులుతుంటాం కదా, పర్వాలేదంటావా?'

లిథియం అంటే ఏంటో, ఎందుకిస్తారో, మధ్యమధ్యలో రక్తపరీక్ష ఎందుకు చేయించాలో, ఆ అమ్మాయి తన జబ్బును ఎంత శ్రద్ధగా చూసుకుంటోందో కూర్చుని చెప్పాను. అత్తయ్య విన్నది, ఒప్పుకుంది. ఆవిడ మంచి మనిషి. ఇంట్లో ఫార్మసిస్టు ఉంది కాబట్టి అడిగింది, కాబట్టి తెలుసుకుంది. అడగడానికి ఎవరూ లేని ఇళ్లలో ఆ ప్రశ్న అలాగే మనసులో ఉండిపోతుంది. పిల్లల్ని పంపడం మానేస్తారు. ఎందుకు మానేశారో ఆ పిల్లకు ఎవరూ చెప్పరు.

మా వైపు ఈ భయం మీరు నేర్పింది కాదు, ముందునుంచీ ఉన్నదే. హైదరాబాద్‌లో ఎర్రగడ్డలో, విశాఖపట్నంలో చినవాల్తేరులో ప్రభుత్వ మానసిక వైద్యశాలలు ఉన్నాయి. ఎవరినైనా వెక్కిరించాలంటే 'వీణ్ని ఎర్రగడ్డ పంపాలి' అంటారు. మా సినిమాల్లో కామెడీ ట్రాకులు ఆ మాట మీద ఎన్ని నడిచాయో లెక్కలేదు. వైద్యం చేసే ఊరి పేరు తిట్టు అయిపోతే, వైద్యం కావాల్సినవాళ్లు అటు వెళ్లరు. అలాంటి చోటు నుంచి వచ్చినవాళ్లం, ఇక్కడైనా కాస్త తెరిపి ఉంటుందనుకుంటే, ఇక్కడి టీవీ కూడా అదే చెబుతోంది.

ఇప్పుడు నా కౌంటర్ దగ్గరికి రండి. మీరు విలన్ గుర్తుగా వాడే ఆ నారింజ డబ్బాలను నేను రోజంతా నింపుతుంటాను. ఒక చిన్న వయసు మనిషి ప్రతి నెలా వచ్చి, సంచిలో పెట్టి ఇచ్చిన డబ్బాను బయటికి తీసి, 'ఈ చీటీ చింపేసి ఇవ్వగలరా?' అని మెల్లగా అడిగేవాడు. చీటీ లేకుండా ఇవ్వడానికి చట్టం ఒప్పుకోదు. రూమ్మేట్లు చూస్తారని అతని భయం. చీటీ మీదున్న మందు పేరు వాళ్లు గూగుల్‌లో కొడితే ఏం వస్తుందో అతనికి తెలుసు. మీ సినిమాలో ఇంటావిడ చేసే పని సరిగ్గా అదే. మేం ఆ సీను చూస్తూ ఇంటావిడ వైపు నుంచి ఊపిరి బిగబడతాం. అతను ఆ సీనును సొరుగు వైపు నుంచి చూస్తాడు.

ఆ మందు పేరు చూసి మనిషి జబ్బు చెప్పేయడం కూడా కుదరదు. యాంటీసైకోటిక్ అని పిలిచే మందుల్లో కొన్నింటిని మామూలు మందుకు లొంగని డిప్రెషన్‌కు తోడుగా ఇస్తారు. కీమోథెరపీ చేయించుకునేవాళ్లకు వాంతులు తగ్గడానికి ఒలాంజపిన్ ఇస్తారు. టూరెట్ సిండ్రోమ్‌లో తమ ప్రమేయం లేకుండా కలిగే కదలికలకు హాలోపెరిడాల్ ఇస్తారు. మీ కథానాయిక సొరుగులో చూసిన డబ్బా ఒక క్యాన్సర్ రోగిది కూడా అయి ఉండొచ్చు.

మందు మానేస్తారన్నది మాత్రం నిజమే. మానేస్తారు. ఒళ్లు వస్తుంది, పగలంతా మత్తుగా ఉంటుంది, చేతులు వణుకుతాయి. ఉద్యోగం మారితే ఇన్సూరెన్స్ మారుతుంది. కొత్త ఇన్సూరెన్స్ వాళ్లు ప్రయర్ ఆథరైజేషన్, అంటే తమ ముందస్తు అనుమతి, కావాలంటారు, డాక్టరు ఆఫీసు నుంచి ఫ్యాక్స్ రావాలి, ఈలోగా డబ్బా ఖాళీ అవుతుంది. నేను ఫోన్ పట్టుకుని హోల్డ్‌లో నిలబడి ఉంటే, కౌంటరు అవతల ఆ మనిషి తన తప్పేదో ఉన్నట్టు 'సారీ' చెబుతుంటాడు. అలా మందు ఆగిపోయినవాళ్లలో నేను చూసినంతవరకు కత్తి పట్టుకున్నవాళ్లు లేరు. మంచం దిగలేనివాళ్లు ఉన్నారు, ఉద్యోగం పోయినవాళ్లు ఉన్నారు, అమ్మ ఫోన్ చేసినా ఎత్తనివాళ్లు ఉన్నారు. టెన్షన్ కావాలంటే అందులో ఎంత టెన్షన్ ఉందో చూడండి.

తీవ్రమైన మానసిక జబ్బుకు వైద్యం అందకుండా, దానికి తోడు తాగుడో డ్రగ్సో ఉంటే ప్రమాదం కొంత పెరిగే మాట వాస్తవం. దాన్ని దాచనక్కర్లేదు. కానీ అమెరికాలో జరిగే హింసలో తీవ్రమైన మానసిక జబ్బుల వాటా నూటికి 4 దగ్గర ఉంటుందని పరిశోధకులు లెక్కగట్టి చాలా ఏళ్లయింది. మీ సినిమాల్లో ఆ వాటా ఎంతో మీరే లెక్కపెట్టుకోండి. ఇంకో లెక్క చెబుతాను. 2023లో ప్రపంచంలో దాదాపు 85,000 మంది స్త్రీలు, ఆడపిల్లలు హత్యకు గురయ్యారు. వారిలో 51,100 మందిని చంపింది భర్తో, ప్రియుడో, సొంత కుటుంబంలో మరొకరో. ఐక్యరాజ్యసమితి చెప్పిన అంకెలివి. ఇంట్లోకి కొత్తగా వచ్చిన ఆయా గురించి మమ్మల్ని ఇంతగా భయపెడతారు. భుజం మీద చెయ్యి వేసిన మనిషి చివరి సీనులో అంబులెన్స్ పక్కన దుప్పటి కప్పి ఆవిడను దగ్గరికి తీసుకుంటే, క్షమించేశామన్నట్టు సంగీతం వేస్తారు. అన్నాళ్లు నమ్మనందుకు ఆయన్ను ఒక్కరూ ఒక్క మాట అడగరు.

ఈ అలవాటు ఎక్కడ బలపడిందో చెప్పడం కష్టం కాదు. 1987లో వచ్చిన 'ఫేటల్ అట్రాక్షన్' సినిమాలో పెళ్లైన మగాడు ఇంకో స్త్రీతో సంబంధం పెట్టుకుంటాడు. మొదటి ముగింపులో ఆ రెండో స్త్రీ ప్రాణం తీసుకుంటుంది. ముందుగా చూపించిన ప్రేక్షకులకు అది నచ్చలేదని మళ్లీ తీశారు. కొత్త ముగింపులో ఆమె కత్తితో ఇంట్లోకి వస్తుంది, భార్య తుపాకీతో కాల్చి చంపుతుంది. తప్పు చేసిన భర్త కుటుంబంతో మిగిలిపోతాడు. ఆ పాత్ర వేసిన గ్లెన్ క్లోజ్ ఆ మార్పును గట్టిగా వ్యతిరేకించింది. సినిమా మాత్రం విపరీతంగా ఆడింది. ఆ కొత్త ముగింపునే మీరు ఇప్పటికీ తిప్పి తిప్పి తీస్తున్నారు.

అయితే టీవీ సినిమాకు ఇంకో వారసత్వం ఉంది, అదే నాకు ఆశ. 1977లో మిచిగన్‌లోని డ్యాన్స్‌విల్‌లో ఫ్రాన్సిన్ హ్యూస్ అనే ఆమె, విడాకులయ్యాక కూడా తనను ఏళ్ల తరబడి కొడుతూ వచ్చిన మనిషి పడుకున్న మంచం చుట్టూ పెట్రోలు పోసి నిప్పంటించింది. పిల్లలను కారెక్కించుకుని వెళ్లి తానే నేరం ఒప్పుకుంది. జ్యూరీ ఆమెను నిర్దోషి అంది, కానీ 'తాత్కాలిక మతిభ్రమణం' అనే కారణం మీద. అన్నేళ్లు దెబ్బలు తిన్న మనిషిని వదిలిపెట్టడానికి కూడా, ఆ క్షణంలో ఆమెకు మతి లేదని రాయాల్సి వచ్చింది. 1984లో నటి ఫారా ఫాసెట్ ఆమె పాత్రలో ఎన్‌బీసీ ఛానల్‌లో 'ది బర్నింగ్ బెడ్' సినిమా వచ్చింది. అదీ టీవీ కోసం తీసిందే. ఆ సినిమాలో కొట్టే మనిషికి ఏ మాత్రల డబ్బా లేదు. వాడు పక్కింట్లో కనబడే మామూలు మనిషి. ఆ ప్రసారంతో పాటు, సాయం కావాల్సినవాళ్ల కోసం ఫోన్ నంబరు కూడా చూపించారు.

దూరం ఎందుకు, ఆడవాళ్లను లైంగికంగా వేధించిన అమెరికా గాయకుడు ఆర్. కెల్లీ గురించి 2019 జనవరిలో లైఫ్‌టైమ్ ఛానల్‌లో వచ్చిన 'సర్వైవింగ్ ఆర్. కెల్లీ' డాక్యుమెంటరీ చూడండి. ఏళ్ల తరబడి ఎవరూ పట్టించుకోని స్త్రీలను కూర్చోబెట్టి, వాళ్ల మాట మొదటి నుంచి చివరి దాకా విన్నది. ఆ వ్యక్తికి పేరుంది, డబ్బుంది, చుట్టూ పనిచేసే మనుషులున్నారు, చూసీ చూడనట్టు ఉన్న పరిశ్రమ ఉంది. తర్వాత కేసులు నడిచాయి, 2021లో న్యూయార్క్ జ్యూరీ అతన్ని దోషి అని తేల్చింది, 2022లో 30 ఏళ్ల శిక్ష పడింది. ఆడవాళ్లను వేటాడే మనిషి ఎలా ఉంటాడో, వాడికి ఎవరెవరు తోడుంటారో టీవీకి తెలియదని నేను అనుకోను. డాక్యుమెంటరీలో చెప్పిన నిజం, వారాంతపు థ్రిల్లర్‌లో ఎందుకు చెప్పకూడదు?

కారణం చెప్పకపోతే ప్రేక్షకులు ఒప్పుకోరని మీరు అనొచ్చు. 1971లో స్పీల్‌బర్గ్ ఏబీసీ ఛానల్ కోసం 'డ్యూయల్' తీశాడు. దాని షూటింగ్ రెండు వారాల లోపే ముగిసింది. మీకిచ్చే టైముకంటే ఎక్కువేం కాదు. ఎడారి రోడ్డు మీద ఒక ట్యాంకర్ లారీ ఒక మామూలు మనిషి కారు వెంటపడుతుంది. లారీ డ్రైవరు మొహం కనబడదు. ఎందుకు వెంటపడ్డాడో చివరిదాకా ఎవరూ చెప్పరు. ఇన్నేళ్లయినా జనం దాన్ని చూస్తూనే ఉన్నారు. కారణం చెప్పకుండా వదిలేసే ధైర్యం లేకపోతే, నిజమైన కారణాలు కావాల్సినన్ని ఉన్నాయి. ఆస్తి, కస్టడీ, అసూయ, పరువు, ఆడమనిషి కాదంటే తట్టుకోలేనితనం. ఇవన్నీ పూర్తి స్పృహలో ఉన్న మనుషులే చేస్తారు. వాళ్లనుంచి వచ్చే భయం ఇంకా ఎక్కువ.

చివర్లో వచ్చే ఆ ఆస్పత్రి సీను గురించి కూడా. విలన్ తెల్ల గోడల గదిలో కూర్చుని జుట్టు దువ్వుకుంటూ నవ్వుతుంది, రెండో భాగం ఉందని మాకు సూచన. మానసిక ఆస్పత్రి అంటే శిక్ష వేసే చోటని, అక్కడికి వెళ్లినవాళ్లు బాగుపడరని, ఎప్పుడో తప్పించుకుని మన పిల్లల మీదికి వస్తారని ఆ ఒక్క నిమిషంలో చెప్పేస్తారు. అమెరికా కోర్టుల్లో మతిస్థిమితం లేదన్న వాదన తెచ్చే కేసులు నూటికి ఒకటి ఉంటాయి, అందులోనూ నెగ్గేవి పావు వంతు. ఇంత అరుదైన దాన్ని మీరు ఆనవాయితీ చేశారు. నా దగ్గరికి వచ్చే మనుషులు ఆస్పత్రి నుంచి డిశ్చార్జి అయ్యి, చేతిలో చీటీ పట్టుకుని, ఇకనైనా నిద్ర పడుతుందేమోనన్న ఆశతో వస్తారు.

ఇంకో మాట కూడా చెప్పాలి. ప్రిస్క్రిప్షన్ మందులను టీవీలో నేరుగా జనానికి ప్రకటించుకోనిచ్చే దేశాలు అమెరికా, న్యూజిలాండ్ తప్ప దాదాపు లేవు. అందువల్ల మీ సినిమా బ్రేకులో డిప్రెషన్ మందు ప్రకటన వస్తుంది. ఎండలో కుక్కతో నడుస్తూ నవ్వుతున్న మనిషిని చూపించి, 'మీ డాక్టరును అడగండి' అంటారు. బ్రేక్ అయిపోగానే సినిమాలో సొరుగు తెరుచుకుంటుంది, డబ్బా కనబడుతుంది, సంగీతం పెరుగుతుంది. సోఫాలో కూర్చున్న మనిషి ఈ రెండింట్లో ఏది నమ్మాలి? డాక్టరును అడగాలా, దాచుకోవాలా?

మీరు సినిమాలు ఆపేయాలని నేను కోరడం లేదు. కత్తుల సెట్టు ఉండనివ్వండి, పెద్ద ఇల్లు ఉండనివ్వండి, పావుగంటలో విలన్ మొహం చూపించేయండి, మాకేం అభ్యంతరం లేదు. ఆ సొరుగు సీను కొట్టేయండి. స్నేహితురాలిని బతకనివ్వండి, ఆమె కనిపెట్టింది ఫోన్‌లోనే చెప్పనివ్వండి. అంబులెన్స్ దగ్గర మొగుణ్ని దుప్పటి కప్పే ముందు ఒక్క నిమిషం నిలబెట్టి, ఆవిడ చేత అడగాల్సింది అడిగించండి. మానసిక జబ్బు ఉన్న మనిషిని చూపించాలనిపిస్తే, ఆ మనిషిని ఇంటావిడ పాత్రలో పెట్టండి. రోజూ మందు వేసుకునే స్త్రీ, ఇంట్లో ఏదో తప్పు జరుగుతోందని కనిపెట్టిన స్త్రీ. ఆమె చెప్పింది నమ్మకపోవడానికి లోకానికి ఎంత తేలికో చూడండి. మందు డబ్బా చూపించి నోరు మూయిస్తారు. ఆమె చివరికి గెలవాలి. అంత టెన్షన్ ఉన్న థ్రిల్లర్ మీ దగ్గర్నుంచి ఇంతవరకు నేను చూడలేదు, వస్తే మొదటి రోజే చూస్తాను.

సినిమా అయిపోయాక పేర్లు వేగంగా పరుగెత్తే ఆ కొద్ది సెకన్లలో రెండు నంబర్లు వేయండి. ఇంట్లో హింస ఎదుర్కొంటున్నవాళ్లకు 1-800-799-7233, మనసు బాగాలేనివాళ్లకు 988. ఒకటి 1996 నుంచి పనిచేస్తోంది, రెండోది 2022 నుంచి. మీకు ఖర్చేం కాదు.

స్క్రిప్టులో ఏదైనా మందు పేరు రాయాల్సి వస్తే, రాసే ముందు మీ వీధి చివర ఫార్మసీకి ఒక ఫోన్ చేయండి. ఏ రోగి ఏం వాడుతున్నాడో మేం చెప్పం, చెబితే ఉద్యోగం ఉండదు. ఆ మందు ఎందుకిస్తారో, మానేస్తే ఏమవుతుందో, ఎందుకు మానేస్తారో మాత్రం ఎంతసేపైనా చెబుతాం.

ఇట్లు,
ఒక ఫార్మసిస్టు, మీ సినిమాల ప్రేక్షకురాలు
టెక్సస్